నిద్రగన్నేరు మీది కాపురం

సత్యనారాయణపురం రైల్వే కాలనీలో
మా క్వార్టర్ రెండో అంతస్తు.
వంటింటి కిటికీ ఎదురుగా
పొడుగాటి గెడకు అందేంత దూరంలో
నిద్రగన్నేరు పంగలో ఒక పుల్లల కుప్ప.
కాకిది కాదని తెలియడానికి నాకు వారం పట్టింది.

పగలంతా ఆకుల్లో దాగి ఉండేది.
పొద్దుగూకి ఆకులు ముడుచుకోగానే
తలుపు తెరిచిన ఇల్లులా బయటపడేది.

జాలెడేగ.
పావురమంత ఉంటుంది, అంతే.
బూడిదరంగు వీపు,
రొమ్ము మీద ఇటుకపొడితో గీసినట్టు అడ్డచారలు.
మగదాని కళ్లు
నైట్ డ్యూటీ దిగినవాడి కళ్లలా ఎర్రన.
ఆడదానివి పసుపు. ఆడదే పెద్దది.
ఈ సంగతి మా ఆయనకి చెబితే
"ఎక్కడైనా అంతేగా" అని అటు తిరిగి పడుకున్నాడు.
గూడ్సు గార్డు. ఆయన నిద్రకి టైమ్ టేబుల్ లేదు.

టిట్యూ, టిట్యూ అని కూత.
అది సగంసార్లు దొంగకూత.
కరెంటు తీగ మీది ఏట్రింత
డేగ గొంతు పెట్టి గోరింకల్ని హడలగొట్టి
అవి వదిలిన పురుగును తాను మింగేది.
అసలుది వేటకొస్తే కిక్కురుమనదు.
ఉడతలు ఒక్కసారిగా నోళ్లు మూస్తాయి చూడండి,
అదీ గుర్తు.

మగది తొండను తెచ్చేది. గూటిదాకా వచ్చేది కాదు.
నీళ్ల ట్యాంకు పక్కన వేపకొమ్మ మీద ఆగి పిలిచేది.
ఆడది వెళ్లి, మాటా మంతీ లేకుండా
దాని కాళ్ల కిందనుంచి లాక్కుని వచ్చేది.
చిన్న చిన్న పీలికలు చేసి
ఒక్కో నోటికీ ఒక్కోటి.
మగది ఖాళీ కాళ్లతో కాసేపు కూర్చుని
ఏదో మరిచిపోయినట్టు లేచిపోయేది.
ఆమె రానివ్వదో, తనకే బిడియమో
నాకిప్పటికీ తెలీదు.

రోహిణి కార్తె.
బెజవాడ ఎండ గురించి నేను చెప్పేదేముంది.
మిట్టమధ్యాహ్నం ఆ తల్లి
ముక్కు తెరుచుకుని రొప్పుతూ
సగం విప్పిన రెక్కల కింద
మూడు దూదిపింజల్ని దాచుకుని నిలబడేది,
నీడ జరిగినప్పుడల్లా తానూ జరుగుతూ.

కింది వాటాలో షారోన్, ఆరేళ్లది.
సైకిలు గంపవాడి దగ్గర
గులాబీరంగు వేసిన కోడిపిల్లను కొనిపించుకుంది.
పేరు బిస్కెట్టు.

ఆదివారం పదకొండింటికి
రెండు బ్లాకుల మధ్య, నడుమెత్తులో,
ఆరేసిన దుప్పట్ల కిందుగా
ఏదో వెళ్లింది.
ఒక దుప్పటి అంచు లేచి పడింది.
అంతే.
కాసేపటికి నా సగ్గుబియ్యం వడియాల మీద
గులాబీ నూగు రాలింది.

పిల్ల ఏడుపు వీధి చివరిదాకా.
వాళ్ల నాన్న అబ్రహాం కొక్కెం కట్టిన గెడతో వచ్చాడు.
వాళ్లింట్లోంచి కోడికూర వాసన.
నేనేమీ అనలేదు.
ఆయనే కాసేపు పైకి చూసి
గెడను గోడకి ఆనించి
అన్నానికి వెళ్లిపోయాడు.

సాయంత్రం షారోన్ మా వంటింట్లో స్టూలెక్కింది.
ఆకులు ముడుచుకున్నాయి.
మూడు తలలు. ఒకదాని ముక్కున
ఇంకా కొంచెం గులాబీ.
"ఆంటీ, బిస్కెట్టు ఏ పిల్లలోకి వెళ్లింది?"
అన్నిటికన్నా చిన్నదాన్ని చూపించాను.
ఎందుకలా చెప్పానో.

జూన్‌లో పిల్లలు కొమ్మలకెక్కాయి.
మొదటి వానకి రెండు ఎగిరిపోయాయి.
చిన్నది ఇంకో నాలుగురోజులు
మిడతల మీదికి దూకి, తప్పి,
ఎవరూ చూడలేదు కదా అన్నట్టు రెక్క సర్దుకుని,
ఒక పొద్దున్న కనబడలేదు.

గూడు అలాగే ఉంది. గాలికి పుల్లలు రాలుతున్నాయి.
ఉడతలు ఇప్పుడు గోడంతా తమదే అన్నట్టు గోల.
ఎప్పుడో ఒకసారి
అవన్నీ హఠాత్తుగా ఆగిపోతాయి.
పోపులో గరిట పట్టుకున్న నా చెయ్యి కూడా.
కిందినుంచి షారోన్ అరుస్తుంది,
"బిస్కెట్టూ!"